లచ్చమ్మ కుడిచెయ్యి

పోయిన నెలలో ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పిల్లల బొమ్మలాటకు రిహార్సల్ జరుగుతుంటే నన్ను కబురు పెట్టి పిలిపించారు. యంత్రభాగాల డ్రాయింగుల మధ్య ఉద్యోగకాలమంతా గడిపినదాన్ని కాబట్టి, ఒక కొయ్యబొమ్మ మోచెయ్యి సగం వంగి ఎందుకు ఆగిపోతోందో నేను చెప్పగలనని వారి నమ్మకం. లోపం చిన్నదే. కీలు తిరిగేచోట గుండ్రంగా ఉండవలసిన అంచును పలకగా కోశారు. ఆకురాయితో పది నిమిషాలు అరగదీస్తే చెయ్యి భుజం దాకా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేవబోతుండగా, నాటకం నేర్పడానికి గచ్చిబౌలి నుంచి బైక్ ట్యాక్సీ మీద వచ్చే పాతికేళ్ల అమ్మాయి, బొమ్మలు పట్టుకున్న తల్లులను చుట్టూ కూర్చోబెట్టుకొని, "ఎమోషన్ బొమ్మలో ఉండదండీ, మీలో ఉంటుంది. మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ బయటికి చెప్పని ఒక్క విషయం గుర్తు తెచ్చుకోండి. అది బొమ్మకిచ్చేయండి, చాలు" అంది. నేను ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాను. లిఫ్టులో మా అంతస్తు బొత్తాం నొక్కాక చూసుకుంటే నా ఎడమకాలికి ఎవరిదో చెప్పు ఉంది.

ఆ అమ్మాయి తప్పేమీ అనలేదు. బొమ్మతో పనిచేసేవారు ఎవరైనా చివరికి ఆ మాట దగ్గరికే వస్తారు. దాదాపు అదే మాటను యాభై ఏళ్ల కింద ఇదే కొత్తగూడలో, ఇప్పుడు ఫ్లైఓవర్ దిగేచోటికి ఒక ఫర్లాంగు దూరాన, ఒక రేకుల షెడ్డులో కూర్చొని విన్నాను. విని, అడిగినది ఇచ్చాను. నేను ఇచ్చినది నాది కాదు. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

అప్పటి కొత్తగూడకు రావడానికి మట్టిరోడ్డు ఉండేది గాని, రావలసిన పని ఎవరికీ పెద్దగా ఉండేది కాదు. నాన్న ప్రభుత్వ మొక్కల నర్సరీలో గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, నర్సరీకి ఎదురుగా రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. షాబాదు బండల నేల, వానొస్తే మూలల్లో చెమ్మ. గాలి దక్షిణం నుంచి వీచిన ఉదయాల్లో గచ్చిబౌలి గుట్టల మీద రాళ్లు కొట్టే చప్పుడు మా వంటింటి దాకా వినిపించేది. నర్సరీ వైపు నుంచి తడి గోనెసంచుల వాసన, మాగిన ఎరువు వాసన, నీలగిరి ఆకు వాసన. ఇంట్లో అమ్మ ఉదయాన్నే పొట్టు పొయ్యి కూరేది. మధ్యలో ఒక సీసా నిలబెట్టి, దాని చుట్టూ రంపపు పొట్టును పిడికిలితో గట్టిగా దట్టించి, తర్వాత సీసాను తిప్పుతూ పైకి లాగేది. సీసా వచ్చేశాక మిగిలిన గుంటలో ఒక్క రవ్వ కూడా రాలకూడదు. రాలితే మంట సమంగా రాదు. అమ్మ కూరిన పొయ్యి రాలడం నేను చూడలేదు.

నేను పాలిటెక్నిక్‌లో డ్రాయింగు నేర్చుకొని, సనత్‌నగర్‌లో ఒక యంత్రాల కార్ఖానాలో ట్రేసర్‌గా చేరాను. రోజూ హఫీజ్‌పేట స్టేషను దాకా నడిచి రైలెక్కేదాన్ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మలను గంజి వాసన వేసే పలుచని బట్ట మీదికి ఇంకుతో దించడం మా పని. మా సెక్షనులో ఒకటే నియమం ఉండేది. ఉన్నదాన్ని దించాలి, ఉండవలసినదాన్ని కాదు. మూలంలో గీత వంకరగా ఉంటే నకలులోనూ వంకరగానే ఉండాలి. దిద్దే అధికారం ట్రేసర్‌కు లేదు. రెండేళ్లలో ఆ నియమం నా వేళ్లలోకి దిగిపోయింది. తర్వాత జరిగినదాంట్లో దానికీ భాగముంది.

మా ఇంట్లో సాయంత్రం వంటకు ముందు జరిగే ఒక పని గురించి ఇప్పుడు చెప్పాలి. అమ్మ బియ్యం డబ్బా ముందు పీట వేసుకొని కూర్చొని, పాలపొడి డబ్బాతో మా ముగ్గురికీ సరిపడా బియ్యం సత్తుగిన్నెలోకి కొలిచేది. కొలత పూర్తయ్యాక కొలిచే డబ్బాను పక్కన పెట్టి, ఖాళీ చేత్తో మళ్లీ బియ్యంలోకి వెళ్లేది. ఒక గుప్పెడు తీసేది. ఆ గుప్పెడు గిన్నె అంచు దాకా వచ్చి అక్కడ ఆగేది. కాసేపటికి వెనక్కి వెళ్లి, బియ్యానికి బాగా దగ్గరగా, చప్పుడు కాకుండా తెరుచుకునేది. ముందు చిటికెన వేలు, తర్వాత ఉంగరపు వేలు, అలా ఒక్కొక్కటి. ఆమె కుడి చిటికెన వేలు పై కణుపు దగ్గర బయటికి వంగి ఉండేది. చిన్నప్పుడు రోకటి కింద పడిందట. ఆ వంకర వేలు అన్నిటికన్నా ముందు లేచేది. ఆపైన మూత పెట్టి, గిన్నె తీసుకొని కడగడానికి లేచేది. నాకు పదకొండు పన్నెండేళ్లప్పటి నుంచి ఇది చూస్తూ వచ్చాను. చాలాకాలం అది కొలతలో ఒక భాగమనుకున్నాను.

కాదని ఒక దసరా సెలవుల్లో తెలిసింది. నాకు పదేళ్ల తర్వాత మా అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు జానకి. పెద్దనాన్నకు పిల్లల్లేరు. నాన్నను చదివించింది ఆయనే. పిల్ల పదకొండో నెలలో పెద్దమ్మ ఒళ్లోకి వెళ్లింది. ఆ తర్వాత జానకి విజయవాడలో పెద్దనాన్న కూతురుగా పెరిగింది, మా అమ్మను పిన్నీ అని పిలిచింది. అసలు సంగతి ఆ పిల్లకు తెలియదు. పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. వేసవిలో ఒకసారి, దసరాకు ఒకసారి జానకిని తీసుకొని వచ్చేది. కాని ఆ రాకపోకలకు ఎవరూ పైకి చెప్పని షరతు ఒకటుండేది. అమ్మ ఆ పిల్లకు పిన్నిగానే కనిపించాలి. అమ్మ దువ్వెన తీసుకుంటే, "నేను వేస్తాలే సుభద్రా జడ, నీకు పనుంది" అని పెద్దమ్మ అందుకునేది. అమ్మ దువ్వెన ఇచ్చేసేది. ఆ పది రోజులు మాత్రం, కొలత అయ్యాక తీసిన గుప్పెడు వెనక్కి వెళ్లేది కాదు. గిన్నెలో పడేది. ఒకసారి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "అందరికీ కొలిచాక మళ్లీ ఆ గుప్పెడెందుకే?" అని అడిగింది. "అలవాటక్కా" అంది అమ్మ. జానకి వెళ్లిపోయిన సాయంత్రం గుప్పెడు మళ్లీ అంచు దగ్గర ఆగింది. అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైనట్టు అమ్మకు తెలియనివ్వలేదు. ఆ ఇంట్లో జానకిని బిడ్డగా తలుచుకోవడానికి అమ్మకు మిగిలిన చోటు అదొక్కటే.

నర్సరీ కావలివాడు ఎల్లయ్య తాత. జనగామ వైపు మనిషి. తరతరాలుగా కొయ్యబొమ్మలు ఆడించిన ఇల్లు. ఆటలకు పిలిచేవారు తగ్గిపోయి, కొడుకు గచ్చిబౌలి గుట్టల్లో రాళ్ల పనికి వస్తే ఈయనా వెంట వచ్చి కావలి ఉద్యోగంలో కుదురుకున్నాడు. బొమ్మల పెట్టెను మాత్రం నర్సరీ షెడ్డులో, మట్టికుండీల వెనక దాచుకున్నాడు. నేను కార్ఖానాలో చేరిన రెండేళ్లకు కొత్తగూడ బడి ముందు దసరాకు ఆట పెట్టమని ఊరివాళ్లు అడిగారు. తాతకు పాత కథల మీద ఎందుకో మనసు పోలేదు. తనే ఒక కథ కట్టాడు. లచ్చమ్మ అనే గొర్రెల కాపరి భార్య. మొగుడు రాజు గారి చెరువు తవ్వడానికి వెళ్లి తిరిగి రాడు. ఆమె వండుతూనే ఉంటుంది. కథంతా ఇంతే. తాత కోడలు నర్సమ్మ తెర వెనక నుంచి మాటలు, పాటలు చెప్పేది. ఆదివారాల్లో మధ్యాహ్నం పూట రిహార్సలు. ఆదివారం కూడా నర్సరీలోనే ఉండే నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లి, బొమ్మల తీగలు సరిచేస్తూ మొదలుపెట్టి, నెల తిరిగేసరికి ఆ ఇద్దరికీ నేను మూడోదాన్నయ్యాను.

బొమ్మలో దుఃఖం చూపించడమంటే తల వంచడం, కొంగు కళ్లకు పెట్టడం అని నేననుకునేదాన్ని. తాత ఒప్పుకునేవాడు కాదు. "ఏడ్పియ్యకు బిడ్డా. ఏడ్పు ఆపుకుంటాందని మందికి తెల్వాలె, గంతే" అనేవాడు. మాటకు ముందు బొమ్మ రొమ్ము వెంట్రుకవాసి లేవాలి. ఊపిరి తీసుకోని బొమ్మ మాట్లాడితే గోడ వెనక ఎవరో అరిచినట్టు ఉంటుంది. ఒక పనికీ మరో పనికీ మధ్య బొమ్మ ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వాలి. "నీకు తొందరుంటది, లచ్చమ్మకు లేదు. ఆమె యాడికి పోవాలె?" అనేవాడు. నర్సమ్మ వెనక నుంచి, "మా మామకు బొమ్మ మీదున్న నిదానం మనిషి మీద లేదు. అన్నం జర లేటైతే చూడు ఎట్ల ఒర్లుతడో" అని నవ్వేది.

మొగుడు రాడని తెలిసిన తర్వాత లచ్చమ్మ తొలిసారి వంటకు కూర్చునే ఘట్టం మాకు కుదరలేదు. మూడు ఆదివారాలు ప్రయత్నించాం. బొమ్మ కట్టెగానే ఉంది. చేతులు మాట్లాడాలని, చేతులు కొంచెం పెద్దవిగా చెక్కమని తాత చెప్పాడు. తేలికైన పొనికి కర్రలో చెక్కాను. ప్రతి వేలికీ రెండు కణుపులు, కణుపుల్లో సన్నని ఇత్తడి సీలలు. సైకిల్ ట్యూబు ముక్కలు వేళ్లను మూసి ఉంచుతాయి. వేళ్ల వెనక నుంచి వచ్చే నైలాను దారాలన్నీ ఒకే ఉంగరానికి కట్టాను. చిటికెన వేలి దారం అన్నిటికన్నా బిగువు, బొటనవేలిది అన్నిటికన్నా వదులు. ఉంగరం మెల్లగా లాగితే వేళ్లు చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. అలా ఎందుకు చేశానో చేస్తున్నప్పుడు ఆలోచించలేదు. కుడి చిటికెన వేలు పై కణుపును బయటికి వంచి చెక్కినప్పుడు కూడా ఆలోచించలేదు. మూలంలో వంకర ఉంది, నకలులోనూ పెట్టాను.

తాత ఆ చెయ్యిని వెలుగులోకి పట్టుకొని చాలాసేపు చూశాడు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త చెయ్యి చెక్కినవాళ్లు అది ఎవరి చెయ్యో ఆడించేవాడికి చెప్పాలి. చెప్పేదాకా బొమ్మకు కట్టరు.

"ఎవలి చెయ్యి బిడ్డా ఇది?"

"ఎవరిదీ కాదు తాతా. ఊరికే చెక్కాను."

"ఊకెనే చెక్కితె ఏలు గిట్ల వంకర వోదు. చెప్పు. బొమ్మకే చెప్తున్నవు, నాకు గాదు. ఈ రేకుల కిందికెల్లి బయటికి వోదు."

చెప్పాను. అమ్మ, బియ్యం డబ్బా, గిన్నె అంచు, చప్పుడు కాకుండా తెరుచుకునే గుప్పిట, అన్నీ. జానకి సంగతి కూడా. నర్సమ్మ పనిచేస్తున్న చేతులు ఆపి వింది. తాత చెయ్యిని లచ్చమ్మకు కట్టి, కుండ ముందు కూర్చోబెట్టి, ఉంగరం పట్టుకున్నాడు. చేతిలో నిజం బియ్యం పెడదామంటే వద్దన్నాడు. "గింజలు మనం పెడితె కండ్లు గింజల మీదికి వోతయి." ఖాళీ గుప్పిట కుండ అంచు దాకా వచ్చి ఆగింది. లచ్చమ్మ రొమ్ము ఒకసారి లేచి దిగింది. గుప్పిట వెనక్కి వెళ్లి తెరుచుకుంది. నర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాకు ఆ క్షణాన కలిగింది, నిజం రాస్తున్నాను, గర్వమే. నేను చేసిన యంత్రం పనిచేసింది.

వారం తర్వాత విజయవాడ నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ జానకిని తీసుకొని వస్తోంది. ఆట జరిగే రోజుకు ఇక్కడే ఉంటారు. అప్పుడు గాని నాకు భయం వెయ్యలేదు. తాత దగ్గరికి పరుగెత్తి, ఆ ఘట్టం తీసేయమన్నాను. ఆ గుప్పిటలో ముందుకు వచ్చే సగం పెద్దమ్మ చూసింది, వెనక్కి వెళ్లే సగం చూస్తే ఆమెకు తెలిసిపోతుంది, తెలిస్తే పిల్లను మళ్లీ తీసుకురాదు అని చెప్పాను. తాత అడ్డం చెప్పలేదు. లచ్చమ్మ తల మీద అరచెయ్యి పెట్టి, "ఇగ ఫికర్ జెయ్యకు బిడ్డా. గది ఆడియ్య. ఇది నా మాట" అన్నాడు. దాని బదులు లచ్చమ్మ కొంగుతో కుండ అంచు తుడుస్తూ కూర్చోవాలని అనుకున్నాం. చివరి రెండు ఆదివారాలు అదే సాధన చేశాం. చేతిని మార్చడానికి వ్యవధి లేదు. చెయ్యి ఉన్నా, ఆ కదలిక లేకపోతే చాలునని లెక్క వేసుకున్నాను.

పొద్దు గూకేవేళ బడి ముందు పెట్రోమాక్స్ దీపాలు వెలిగించారు. నా మూలంగా మావాళ్లకు ముందు వరసలో జంపఖానా మీద చోటిచ్చారు. నాన్న, అమ్మ, జానకి, పెద్దమ్మ. పెద్దమ్మ జానకికి అటువైపు కూర్చుంది. అమ్మకూ జానకికీ మధ్య ఆ రోజు ఎవరూ లేరు. నేను పక్కవాటుగా, తెరనూ జనాన్నీ చూడగలిగేచోట నిలబడ్డాను. కథ వంట ఘట్టానికి వచ్చింది. లచ్చమ్మ కొంగు తీసుకొని కుండ తుడిచింది. మళ్లీ తుడిచింది. వెనక కూర్చున్నవాళ్లు బీడీలు ముట్టించుకోవడం మొదలుపెట్టారు. ఎవరో, "ఏందే ముసలోడా, అంట్లు తోమిపిస్తున్నవా?" అని అరిచారు. నవ్వులు లేచాయి. లచ్చమ్మ ఆగింది. కొంగు వదిలేసింది. నాకు ఏమి జరగబోతోందో తెలిసింది గాని, పది గజాల దూరం దాటి తెర దగ్గరికి చేరే వ్యవధి లేదు.

గుప్పిట కుండలోకి వెళ్లింది, పైకి వచ్చింది, అంచు దగ్గర ఆగింది. నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అంతమంది జనం ఉన్న మైదానంలో పెట్రోమాక్స్ బుసబుస తప్ప మరేమీ వినపడలేదు. గుప్పిట వెనక్కి వెళ్లింది. చిటికెన వేలు లేచింది. ఆ నిశ్శబ్దంలో జానకి, "పిన్నీ, ఆవిడ వేలు అచ్చం నీ వేలులాగే ఉంది!" అంది, సంతోషంగా, గట్టిగా. పెద్దమ్మ బొమ్మ వైపు చూడలేదు. తల తిప్పి అమ్మ కుడిచెయ్యి వైపు చూసింది. అమ్మ ఆ చెయ్యిని కొంగు కిందికి తీసుకుంది. తీసుకోకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. అమ్మ ఏడవలేదు. నా కోసం జనంలో వెతికింది, కనిపించగానే చూపు తిప్పుకుంది.

మరునాడు ఉదయం పెద్దమ్మ వంటింట్లోకి వచ్చింది. నేను పక్క గదిలో ఉన్నాను.

"ఇవాళ్టి బండికే వెళ్లిపోతాం సుభద్రా."

"పండగ ఇంకా మూడు రోజులుంది కదక్కా. జంతికలకి పిండి కూడా పట్టించాను."

"నువ్వు మనసు మళ్లించుకున్నావనుకునే తీసుకొస్తున్నాను ఇన్నాళ్లూ. ఏడాది పొడుగునా నా కూతురికి ఈ ఇంట్లో బియ్యం తీస్తున్నావని నాకేం తెలుసు?"

"ఎసట్లో ఎప్పుడూ వెయ్యలేదక్కా" అంది అమ్మ. "తిరిగి పోసేసేదాన్ని."

పెద్దమ్మ బియ్యం డబ్బా మూతను అరచేత్తో నొక్కింది. తర్వాత, "అదే కదే నా భయం" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపమైతే ఎప్పటికైనా తగ్గేదేమో. మధ్యాహ్నం జట్కా వచ్చింది. జానకి, బొమ్మ చెయ్యి చూపిస్తానని చూపించలేదని నా మీద అలిగి, టాటా చెప్పకుండానే ఎక్కింది. ఆ తర్వాత ఏ సెలవులకూ రాలేదు. ఆమెకు అసలు విషయం పెళ్లినాటికి ఎవరో బంధువులు చెప్పారు. అప్పటికి మా మధ్య మర్యాద తప్ప మిగిలింది లేదు. ఇప్పటికీ ఫోనులో నన్ను "రాజ్యం గారూ" అంటుంది.

అదే సాయంత్రం షెడ్డుకు వెళ్లాను. తాత బొమ్మలకు నూనె రాస్తున్నాడు.

"మాటిచ్చావు కదా తాతా."

"ఇచ్చిన."

"లచ్చమ్మ తల మీద చెయ్యి పెట్టి ఇచ్చావు."

"ఇచ్చిన బిడ్డా. కాదంటలేను. మంది నవ్వుతుండ్రి. నా చేతులల్లనే లచ్చమ్మ కట్టె అయితాంది. నా ఉమ్మర్ల ఒక్క బొమ్మ గూడ నా చేతుల సావలే."

"మా అమ్మ బతికున్న మనిషి తాతా! ఆ సంగతి నీకు గుర్తుకు రాలేదా?"

ఆయన నూనెగుడ్డ కింద పెట్టాడు. "యాది లేకుండె అంటె అబద్ధమైతది" అన్నాడు. "యాదున్నది. యాదుండే చేసిన."

క్షమించమని అడగలేదు. మరచిపోయానని అబద్ధమైనా చెప్పి ఉంటే నేను ఆయనతో మళ్లీ మాట్లాడేదాన్ని. ఆ రోజు తర్వాత షెడ్డు గడప తొక్కలేదు. ఆట మాత్రం ఆగలేదు. ఆ ఒక్క ఘట్టం కోసం కొండాపూర్ నుంచి, లింగంపల్లి నుంచి, చివరికి బాచుపల్లి నుంచి కూడా బండి కట్టి పంపించేవారు. కావలి ఉద్యోగం చేస్తూ చావవలసిన మనిషి మళ్లీ ఆటగాడై పోయాడు. నేను చేసిన చెయ్యి ఊరూరా తెరుచుకుంటుంటే, మా వంటింట్లో అది ఆగిపోయింది. అమ్మ మా ముగ్గురికీ కొలిచి, వెంటనే మూత పెట్టేసేది. అంత వేగంగా ఆ మూత పడడం నేను అంతకుముందు వినలేదు. క్షమించమని అడగడానికి రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. మొదటిసారి, "పొట్టు బస్తా ఇటు జరుపు" అంది. రెండోసారి నా మొహం చూసి ముందుగానే లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. జ్వరాల గురించి, కిరాయిల గురించి, నా ప్రమోషన్ల గురించి మాట్లాడుకున్నాం. దీని గురించి ఒక్క మాట లేదు.

ఇప్పుడు మా లిఫ్టులో పక్కన ఎవరున్నారో చూసుకోకుండా మనుషులు ఫోనులో తమ కాపురాలలోని తగాదాలను వివరంగా చెప్పుకుంటారు. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు వింటూ, ఇలా చెప్పేసుకోగలిగి ఉంటే మా అమ్మకు ఆ గుప్పెడు అవసరమయ్యేదా అనుకుంటాను. మళ్లీ క్లబ్‌హౌస్‌లో ఆ తల్లులు కళ్లు మూసుకొని తమ ఇళ్లను బొమ్మల చెవుల్లో పోస్తుంటే, వద్దని అరవాలనిపిస్తుంది. ఈ రెంటిలో ఏది సరైనదో తేల్చుకోగల కొలబద్ద నా దగ్గర లేదు. ఎల్లయ్య తాత నన్ను మోసం చేశాడని మాత్రం ఇన్నేళ్లూ నిశ్చయంగా నమ్మాను. ఆయన పోయినప్పుడు నాన్న వెళ్లాడు, నేను వెళ్లలేదు.

అమ్మ పోయిన రెండేళ్లకు, మోకాళ్ల నొప్పికి మందుల కోసం సర్కారు దవాఖానకు వెళితే, బెంచీ మీద పక్కనున్న ముసలామె నన్ను పేరుతో పిలిచింది. నర్సమ్మ. పళ్లు లేవు, నవ్వు మాత్రం అదే. అమ్మ పోయిందని చెప్పాను.

"అయ్యో, మా సుభద్రమ్మ!" అంది. "లింగంపల్లి అంగడికాడ మేం ఆడినప్పుడల్లా వచ్చేది గద బిడ్డా. ఎనుక ఆడోళ్లల్ల కూసునేది."

"మా అమ్మా?"

"మీ అమ్మనే. మూడుసార్లు వచ్చింది. మొదటిసారి ఆట అయినంక తెరెనుకకు వచ్చింది. మా మామ లేచి దండం వెట్టిండు. తిడ్తదనుకున్నం. 'చెయ్యి అంత తొందరగా తెరుచుకోదండీ' అన్నది. అని, మామ పక్కన కూసోని, లచ్చమ్మ చెయ్యి తన చేతిల వెట్టుకోని చూపిచ్చింది. గప్పటి సంది గట్లనే ఆడిచ్చిండు మా మామ, పోయేదాక."

నర్సమ్మను లోపలికి పిలిచారు. లేస్తూ, "నీతోని అనొద్దన్నది. ఇగ ఇప్పుడేముందిలే" అంది.

నా వంతు వచ్చినప్పుడు నా తర్వాతి ఆమెను ముందు వెళ్లమన్నాను. అంగడి బుధవారాలు నాకు బాగా గుర్తున్నాయి. కూరగాయలకు లింగంపల్లి వెళ్లొస్తానని అమ్మ నాతో చెప్పేది, అంత దూరం ఎందుకంటే అక్కడ వంకాయలు లేతగా ఉంటాయనేది. సంచి నిండా వంకాయలు తెచ్చేది కూడా. ఆ రాత్రి అల్లం, పచ్చిమిరపకాయ దంచి కూర చేసేది. నేను బాగుందని చెప్పి రెండోసారి వడ్డించుకునేదాన్ని. అమ్మ నా కంచం వైపే చూస్తూ, ఇంకొంచెం వెయ్యనా అని అడిగేది.